ఫాస్ఫరస్‌ను కొలిచిన పరిశోధక విద్యార్థి: హార్వర్డ్‌లో ఎల్లాప్రగడ సుబ్బారావు (1922–1930)

ఉపోద్ఘాతం

ఎల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) పేరు తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఏటా జయంతి వ్యాసాల్లో ఆయన కనిపిస్తారు. 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ళను విడుదల చేసింది. అయితే ఈ పరిచయం చాలావరకు ఔషధాల పరిచయమే. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ - ఇవన్నీ 1940 తర్వాత లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వాన సాగిన పరిశోధనల ఫలితాలు. వాటికి ముందు ఎనిమిదేళ్ళ పాటు ఆయన విద్యార్థిగా, సహాయకుడిగా, పరిశోధకుడిగా పనిచేశారు. ఆ కాలాన్ని తెలుగు రచనలు ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తాయి. జీవరసాయన శాస్త్ర చరిత్రలో సుబ్బారావు స్థానాన్ని నిర్ణయించినది మాత్రం ఆ కాలమే. ఒక పరిశోధక విద్యార్థి చేసిన కొలత ఒక శాస్త్ర సిద్ధాంతాన్ని ఎలా కదిలించిందో, ఆ పనిలో అతని వాటాను చరిత్ర ఎలా లెక్కగట్టిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బోస్టన్‌కు ముందు

భీమవరంలో పుట్టిన సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో నెగ్గడానికి మూడు ప్రయత్నాలు పట్టింది. ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధితో మరణించారు. అదే వ్యాధి సోకిన సుబ్బారావు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించడం వల్ల శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురయ్యారనీ, అందువల్లనే ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కిందనీ జీవితచరిత్రకారులు రాశారు. అనంతరం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. మామగారి సహాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం తోడవగా 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్య శేషగిరికి చెప్పి వెళ్ళారంటారు. ఆయన తిరిగి రాలేదు.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందుతూ, జరుగుబాటు కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని కూడా చేశారు. తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనలో చేరారు. ఈనాడు రసాయన జీవశాస్త్రంగా వ్యవహరించే రంగానికి అప్పట్లో వేరే పేరు లేదు. జీవకణంలో జరిగే పనిని రసాయన శాస్త్రవేత్త పనిముట్లతో పట్టుకోవడమే ఆ విభాగం చేస్తున్న పని.

విభాగాధిపతి ఆటో ఫోలిన్ రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే పదార్థాలను రంగు గాఢత ఆధారంగా కొలిచే పద్ధతులకు ప్రసిద్ధుడు. ఆయన వద్ద పరిశోధన చేసిన చైనా విద్యార్థి వూ షియెన్ పేరు 1919 నాటి 'ఫోలిన్-వూ' రక్తపరీక్షా పద్ధతిలో నిలిచిపోయింది. అంటే ఆ విభాగంలో పరిశోధక విద్యార్థికి అప్పగించే మొదటి పని సాధారణంగా ఒక కొలత. కొత్తది కనుగొనమని కాదు, ఉన్నదాన్ని నమ్మకంగా కొలవమని. సుబ్బారావుకు వచ్చింది ఫాస్ఫరస్.

నీలి రంగు పద్ధతి

ఫాస్ఫేటు ఆమ్ల ద్రావణంలో మాలిబ్డేటుతో కలిసి ఒక సంక్లిష్ట పదార్థంగా మారుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే నీలి రంగు వస్తుంది. ఆ నీలం ఎంత గాఢమైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఈ సూత్రం అప్పటికే తెలుసు. బెల్, డాయిసీలు 1920లో హైడ్రోక్వినోన్‌తో ఈ పద్ధతిని రూపొందించగా, 1922లో బ్రిగ్స్ దాన్ని సవరించారు. ఫిస్కే, సుబ్బారావులు హైడ్రోక్వినోన్ స్థానంలో అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని వాడారు. రంగు త్వరగా వచ్చింది, నిలకడగా ఉంది, ద్రావణంలోని ఇతర పదార్థాల ఆటంకం తగ్గింది. 1925లో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ' 66వ సంపుటంలో 26 పుటల వ్యాసంగా ఇది వెలువడింది.

పైకి చూస్తే ఇది ఒక కారకాన్ని మార్చడమే. జయంతి వ్యాసాల్లో దీనికి చోటు దొరకకపోవడానికి కారణమూ అదే కావచ్చు. కథగా చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదు. కానీ తర్వాతి కథంతా ఈ త్వరలోనే ఉంది.

ఆలస్యమైన రంగు

ఇదే పద్ధతిని కండరాలకు వర్తింపజేసినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. ప్రోటీన్లు తొలగించిన కండర ద్రావణంలో రంగు రావలసినంత వేగంగా రాలేదు. కొంత వచ్చి, మిగిలినది నెమ్మదిగా పెరిగింది. ద్రావణంలో ఏదో మలినం అడ్డుపడుతోందని సరిపెట్టుకునే వీలు అక్కడ ఉంది. పట్టా కోసం తొందరపడే విద్యార్థికి అది సులువైన దారి కూడా. ఫిస్కే, సుబ్బారావులు ఆ దారి పట్టలేదు. కండరంలో ఫాస్ఫేటును పట్టి ఉంచిన అస్థిరమైన పదార్థమేదో ఉందనీ, అది పరీక్షలో వాడే ఆమ్ల మాలిబ్డేటులోనే విడిపోతోందనీ, విడిపోతున్న కొద్దీ రంగు పెరుగుతోందనీ గుర్తించారు. పరీక్ష తాను కొలవవలసిన వస్తువును తానే విరగ్గొడుతోందన్నమాట. అంతవరకు కండరంలో 'నిరింద్రియ ఫాస్ఫేటు'గా లెక్కకు వచ్చినదానిలో పెద్ద భాగం నిజానికి అది కాదు.

ఫాస్ఫేటుతో పాటు విడుదలయ్యే రెండో భాగం క్రియాటిన్ అని తేల్చి, 1927 ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. కండరం పనిచేసినప్పుడు ఆ పదార్థం తరుగుతుంది, విశ్రాంతిలో తిరిగి చేరుతుంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. అదే ఏడాది లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు వేరే మార్గంలో ఇదే పదార్థం జాడ పట్టి 'ఫాస్ఫాజెన్' అని పేరు పెట్టారు. అందులో క్రియాటిన్ ఉందని నిర్ణయించినది హార్వర్డ్ జంట.

దీని ప్రాధాన్యం అర్థం కావాలంటే నాటి సిద్ధాంతాన్ని గుర్తుచేసుకోవాలి. కండర సంకోచానికి మూలం లాక్టిక్ ఆమ్లమని అప్పటి నమ్మకం. కండర పరిశోధనలకు ఎ.వి. హిల్, ఆటో మయర్‌హాఫ్ 1922 నోబెల్ బహుమతి అందుకొని ఉన్నారు. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండా విషప్రయోగంతో ఆపిన కండరం కూడా సంకోచిస్తుందనీ, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అనీ చూపడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది.

ఏటీపీ, వాటాల ప్రశ్న

1929లో ఇదే జంట కండరం నుంచి అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అంటే ఏటీపీని, వేరుచేసింది. తెలుగు రచనల్లో తరచుగా 'ఏటీపీని కనుగొన్నది సుబ్బారావు' అన్న ఏకవాక్యం కనిపిస్తుంది. అది సరికాదు. జర్మనీలో మయర్‌హాఫ్ ప్రయోగశాలకు చెందిన కార్ల్ లోమన్ ప్రకటన ఆ ఏడాది ఆగస్టులో వెలువడింది. ఫిస్కే, సుబ్బారావుల ప్రకటన అక్టోబరులో 'సైన్స్'లో వచ్చింది. రెండూ స్వతంత్ర పరిశోధనలు. అభిమానం కొద్దీ లోమన్‌ను తొలగించడం సుబ్బారావు గౌరవాన్ని పెంచదు.

ఇక ఫిస్కేకూ సుబ్బారావుకూ మధ్య వాటా సంగతి మరింత క్లిష్టమైనది. 1928లో అదే విభాగంలో చేరి, ఫిస్కే వద్దే ప్యూరీన్ల విశ్లేషణ పద్ధతులపై పరిశోధన చేసి 1933లో డాక్టరేటు పొందిన జార్జ్ హిచింగ్స్ (1988 నోబెల్ గ్రహీత) తర్వాతి కాలంలో చేసినట్లు చెప్పే వ్యాఖ్య ఒకటి విస్తృత ప్రచారంలో ఉంది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్‌లను ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడనివ్వలేదనీ, వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ దాని సారాంశం. పక్క బల్ల వద్ద పనిచేసిన తోటి విద్యార్థి మాట కనుక దానికి విలువ ఉంది. అయితే ప్రచురితమైన వ్యాసాల సాక్ష్యం వేరొకటి కూడా చెబుతుంది. 1925, 1927, 1929 ప్రకటనలన్నిటా సుబ్బారావు పేరు ఫిస్కే పేరు సరసనే ఉంది. డాక్టరేటు 1930లో గాని రాని విద్యార్థికి ఆనాటి ప్రయోగశాలల్లో ఇది తక్కువ గుర్తింపేమీ కాదు. ప్రచురించిన దానిలో న్యాయం, ప్రచురించని దానిలో అన్యాయం రెండూ ఒకే మనిషి చేతిమీదుగా జరిగి ఉండవచ్చు. మన రచనలు రెండో దాన్ని మాత్రమే పట్టుకున్నాయి.

ఇక హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు. ఇందులో సందేహానికి తావు లేదు. డాక్టరేటు వచ్చిన పదేళ్ళకు, 1940లో, ఆయన పూర్తికాలం లెడర్లీకి వెళ్ళిపోయారు.

నీలి రంగు పద్ధతి మాత్రం విశ్వవిద్యాలయాలలోనే ఉండిపోయింది. 1959లో బార్ట్‌లెట్ దాన్ని సవరించి ఫాస్ఫోలిపిడ్‌ల కొలతకు అనువుగా మార్చారు. ఎం.ఎస్సీ. జీవరసాయన శాస్త్ర ప్రయోగశాలల్లో ఫాస్ఫేటును ఈనాటికీ 'ఫిస్కే-సుబ్బారో' పద్ధతితో కొలుస్తున్నారు. ఆ రెండో పేరు ఆంగ్ల ఉచ్చారణలో 'సుబ్బారో' అయిపోవడంతో, అది భీమవరం మనిషిదని గుర్తించకుండానే తెలుగు విద్యార్థులూ దాన్ని తమ రికార్డుల్లో రాస్తున్నారు.