కలిదిండి రేకులూ, గోరంత చిప్పూ

కలిదిండి అనగానే యిప్పుడెవరికైనా గుర్తొచ్చేవి చేపలూ, రొయ్యలూను. చరిత్ర చదువుకున్నవాళ్ళకి మాత్రం ఇంకొకటి గుర్తొస్తుంది: రాగిరేకులు. రాజరాజనరేంద్రుడు వేయించిన దానశాసనం అది. మనకి ఆయన నన్నయగారి ప్రభువుగానే పరిచయం. భారతాన్ని తెలుగు చేయించిన చల్లని రాజుగా తప్ప మరోలా వూహించుకోం. పాపం, ఆయన యింట్లో మాత్రం చల్లదనం తక్కువే. సవతి తమ్ముడు విజయాదిత్యుడితో యేళ్ళ తరబడి సింహాసనం తగువు. తమ్ముడికి పడమటి చాళుక్యుల అండ, యీయనకి చోళుల అండ. రాజేంద్రచోళుడు యీయనకి స్వయానా మేనమామ. కూతురు అమ్మంగదేవినిచ్చి మామగారు కూడా అయ్యాడు. అల్లుడు కష్టంలో వుంటే మామగారు వూరుకుంటాడా? ముగ్గురు సేనాపతుల్ని పంపించాడు. కర్ణాట సైన్యంతో జరిగిన పోరులో ఆ ముగ్గురూ ప్రాణాలు విడిచారు. వాళ్ళ జ్ఞాపకార్థం శివాలయాలు కట్టించి, వాటికి భూములు రాసిచ్చిన సంగతే కలిదిండి రేకుల్లో వుంది.

దాదాపు వెయ్యేళ్ళ నాటి మాట. కాగితం మీద రాసివుంటే చెదలు తినేవి. తాటాకు మీదైతే కొల్లేటి చెమ్మకి బూజు పట్టేది. రాగి కాబట్టి నిలిచింది. ఆ కాలపు వాళ్ళ జాగ్రత్త చూడండి. చాళుక్యుల శాసనాల్లో రేకులన్నిటికీ ఒక చివర రంధ్రం చేసి, రాగి కడియంలో గుచ్చి, కడియం మూతి మీద వరాహం గుర్తున్న ముద్ర వేసేవారు. మధ్యలో రేకు తీసెయ్యడానికీ లేదు, కొత్తది చేర్చడానికీ లేదు. సాధారణంగా పైరేకు పైవైపూ, అడుగురేకు అడుగువైపూ ఖాళీగా వదిలేవారు, రాసింది గీసుకుపోకుండా. పుస్తకానికి మనం అట్ట వేసినట్టే.

అయితే రాగి మీద రాసింది అసలు చెరగదనుకోకండి. పాత రాతని సుత్తితో సాగగొట్టి, నునుపు చేసి, దానిమీదే కొత్త రాత చెక్కిన రేకులు మన దేశంలో దొరికాయి. రాగి ఖరీదు మరి! కొత్త అక్షరాల కింద పాత అక్షరాల నీడలు కనబడుతూంటే, మన శాసన పండితులు ఆ నీడల్ని కూడా పట్టి చదివారు. యీ ముక్క కొంచెం గుర్తుంచుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

యిక గోరంత చిప్పు సంగతి. కైకలూరు, కలిదిండి, ఆకివీడు వైపు యిప్పుడు కాస్త వున్నవాళ్ళ పెళ్ళంటే డ్రోను వుండాల్సిందే. సన్నాయి పాట ఒకవైపు, తుమ్మెదలగుంపు లేచినట్టు దాని రొద ఒకవైపు. పందిరి మీంచి లేచి, కొబ్బరిచెట్లు దాటి, చేపల చెరువుల మీదుగా ఒక చుట్టు చుట్టి వస్తుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరని కూడా జనం ఆకాశంలోంచి చూస్తున్నారు. అది చూసిందంతా దాచిపెట్టుకునేది చిటికెనవేలి గోరంత కార్డు. సాన్‌డిస్క్, తోషిబా, మత్సుషిత అనే మూడు కంపెనీలు కలిసి 1999లో ప్రకటించిన ఎస్.డి. కార్డు తపాలాబిళ్ళంత వుండేది. 2005 నాటికి దాని చెల్లెలు మైక్రో ఎస్.డి. యీ గోరంత సైజుకి వచ్చింది.

వీడియో తీసే కుర్రాడు రాగానే అడిగే ప్రశ్న: "అమ్మగారూ, ఫోర్-కె లో తియ్యమంటారా, మామూలు హెచ్.డి. చాలంటారా?" మనం ఆయన ముఖం చూస్తాం, ఆయన మన ముఖం చూస్తాడు. నిజానికి యిది మనకి తెలియని లెక్కేం కాదు. చుక్కల ముగ్గు లెక్కే. మామూలు హెచ్.డి. అంటే వరసకి 1920 చుక్కలు, అలాంటివి 1080 వరసలు. మొత్తం 20 లక్షల 73 వేల చుక్కలు. ఫోర్-కె అంటే 3840 చుక్కలు, 2160 వరసలు. 82 లక్షల 94 వేలు, అంటే సరిగ్గా నాలుగింతలు. అలాంటి ముగ్గులు సెకనుకి పాతికో ముప్ఫయ్యో వెయ్యాలి. చుక్కలు దగ్గరయినకొద్దీ బొమ్మ తేటపడుతుంది, పిండీ ఎక్కువ ఖర్చవుతుంది. సెకనుకి వంద మెగాబిట్ల చొప్పున తీస్తే నిమిషానికి 750 మెగాబైట్లు. 64 గిగాబైట్ల కార్డు గంటా పాతిక నిమిషాలకి నిండిపోతుంది. బిందె పెద్దదైతే చాలదు, మూతి కూడా వెడల్పుగా వుండాలి. లేకపోతే పంపు ధార బయట పోతుంది. అందుకే కార్డు మీద 'యు' అనే అక్షరంలో 3 అంకె వుందో లేదో చూడమంటారు. సెకనుకి కనీసం 30 మెగాబైట్లు మింగగలదని దాని అర్థం.

పైనుంచి నేలని చూడాలన్న సరదా మాత్రం కొత్తది కాదు. 1858లో నాదార్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరు బెలూనెక్కి పారిస్ దగ్గర ఒక పల్లెని ఫొటో తీశాడు. 1907 ప్రాంతాల్లో జర్మనీలో నోయ్‌బ్రోన్నర్ అనే మందులాయన పావురాల రొమ్ముకి చిన్న కెమెరాలు కట్టి వదిలాడు. వాటంతటవే క్లిక్కుమనే కెమెరాలు! కొన్ని బొమ్మల్లో రెండు పక్కలా రెక్కల కొసలు పడేవి. మన కొల్లేటి మీద యెగిరే గూడబాతులకి ఆ బాధ లేదు. పైగా వాటి సంరక్షణ కేంద్రమైన ఆటపాక మీద అటవీశాఖ అనుమతి లేకుండా డ్రోను యెగరేస్తే తప్పు కూడా. గూళ్ళలో పిల్లలు బెదిరిపోతాయి.

మన కొల్లేటిని పైనుంచి చూసి కళ్ళు తెరిపించింది బెలూనూ కాదు, డ్రోనూ కాదు. 1997లో మనవాళ్ళు పంపిన ఐ.ఆర్.ఎస్. 1-డి అనే వుపగ్రహం. 2001 ఫిబ్రవరి 9న అది తీసిన బొమ్మని ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ముందు పెట్టుకు కూర్చున్నారు. ఆ బొమ్మలో ఒక్కొక్క చుక్క నేల మీద యిరవై మూడున్నర మీటర్ల చదరం. మన లెక్కలో చెప్పాలంటే పదమూడున్నర సెంట్ల పైచిలుకు స్థలం. ఇల్లూ, పెరడూ, నూతిగట్టూ అన్నీ కలిసి ఒక్క చుక్క! పెళ్ళి డ్రోను వంద మీటర్ల యెత్తునుంచి ఫోర్-కె లో తీస్తే ఒక్కో చుక్క నాలుగైదు సెంటీమీటర్లే. అంటే మన పందిట్లో అరిటాకు కనబడేంత తేట. ఆ వుపగ్రహం చూపు దానిముందు మసక చూపే.

ఆ మసక చూపుకే యేం కనబడిందో చెప్తాను. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో నూటికి 42 వంతులు చేపల చెరువులు. వాడుకలో వున్నవి 1050, యెండిపోయినవి 38. మరో యెనిమిదిన్నర వంతులు వ్యవసాయం. మిగతాది గడ్డీ, గుర్రపుడెక్కా. తేట నీరు ఒక్క చుక్కయినా లేదు. అంత పెద్ద సరస్సులో, ఒక్క పదమూడున్నర సెంట్ల చుక్క కూడా నీలంగా లేదు! 1999లోనే దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ జాబితాలోకి యెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు తెగగొట్టారు. కొన్నిచోట్ల మందుపెట్టి పేల్చారు.

నేననేది యేమిటంటే, అక్కడ చుక్క సైజు ముఖ్యం కాలేదు. సరస్సు హద్దు ఒకప్పుడు యెక్కడ వుండేదో పాత పటాల్లో యెవరో గీసి, ఇంకెవరో పారెయ్యకుండా దాచారు. పోల్చుకోవడానికి పాతది వుంది గనకే కొత్త బొమ్మ మాట్లాడింది. మనం డ్రోను కొనేటప్పుడు చుక్కలు లెక్కపెడతాం. దాచిపెట్టడం దగ్గరికొచ్చేసరికి "కార్డు నిండింది, ఫార్మాట్ కొట్టు" అంటాం.

ఫార్మాట్ అంటే యేమిటో కూడా చాలామందికి తెలియదు. కార్డు ఒక పుస్తకమనుకోండి. దాని మొదట్లో విషయసూచిక వుంటుంది, యే వీడియో యెన్నో పేజీలో వుందో చెప్పేది. మామూలు ఫార్మాట్ ఆ సూచికని మాత్రం చింపేస్తుంది. లోపలి పేజీలు అలాగే వుంటాయి, వాటిమీద కొత్తది రాసేదాకా. రాగిరేకు మీద నీడలు గుర్తున్నాయి కదూ? సూచిక రాసే పద్ధతులు కూడా రెండు మూడు రకాలు. 32 గిగాబైట్ల దాకా కార్డులు మామూలుగా ఫ్యాట్-32 అనే పాత పద్ధతిలో వస్తాయి. దాంట్లో ఒక్క ఫైలు 4 గిగాబైట్లు మించకూడదు. అందుకే తాళి కట్టే వీడియో మధ్యలో రెండు ముక్కలవుతుంది. భయపడక్కర్లేదు, ముక్కలు అతుకుతాయి. 64 నుంచి పైవాటికి ఎక్స్-ఫ్యాట్ పద్ధతి, ఆ బాధ లేదు. కొత్త కార్డుని కంప్యూటర్లో కాక ఆ డ్రోనులోనే ఫార్మాట్ చెయ్యడం మంచిది. దాని సూచిక దానికి నచ్చినట్టు అదే రాసుకుంటుంది.

మా అక్కయ్య మనవరాలి పెళ్ళిలో యిదే అయింది. ముందురోజు సాయంత్రం చెరువుల మీదుగా తీసిందంతా వేరేచోట యెక్కించకుండా, పొద్దున్నే వీడియో కుర్రాడు కార్డు ఫార్మాట్ చేసేశాడు. అతని పేరెందుకులెండి, నిద్రలేని మనిషి. అదృష్టవశాత్తూ దానిమీద కొత్తది యేమీ తియ్యకముందే పెళ్ళికొడుకు తమ్ముడు చూసి, కార్డు వూడదీసి జేబులో వేసుకున్నాడు. పెళ్ళయ్యాక ఏలూరులో ఒక కుర్రాడు కూర్చుని ముప్పాతిక వంతు పైకి తీశాడు.

అందరం టీవీ ముందు చేరాం. ఆడవాళ్ళం పట్టుచీరలు వెతుక్కుంటున్నాం. మా బావగారు మాత్రం లేచి తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. "అక్కడ ఆపండర్రా" అన్నారు. దూరంగా, నీళ్ళ మధ్యలో, కిక్కిసగడ్డి తిన్నగా గీత గీసినట్టు పెరిగివుంది. నడుమ ఒకచోట తెగింది. "అదుగో, 2006లో పేల్చిన గట్టు. అటుపక్క మూడెకరాలూ మనదే" అన్నారు. యెవరూ మాట్లాడలేదు. సరస్సుకి తన నీళ్ళు తనకి దక్కాలన్నది న్యాయమే. అప్పు చేసి గట్టు వేసుకున్న మనిషి కడుపుకోతా అబద్ధం కాదు. నడిచి వెళ్తే గడ్డి తప్ప యేమీ కనబడని చోట, పైనుంచి చూస్తే ఆ రెండూ ఒకే గీతలో వున్నాయి. మామూలు హెచ్.డి. లో తీసివుంటే అంత దూరపు గీత ఆనేది కాదేమో. అందుకే నా సలహా: డాన్సులకి మామూలుది చాలు, నేల కనబడే చోట మాత్రం ఫోర్-కె తియ్యమనండి.

బావగారు ఆ ఒక్క వీడియో వేరే కార్డులోకి యెక్కించమన్నారు. దాన్ని అడాప్టరులో పెట్టి, పక్కనున్న చిన్న తాళం కిందికి జరిపించారు. ఆ తాళం వేసివుంటే అడాప్టరులో వున్నంతసేపూ కార్డు మీద కొత్తది రాయడం కుదరదు. తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టారు.

"బావగారూ, అది రాగిరేకు కాదు" అన్నాను. "యేళ్ళ తరబడి కరెంటు తగలకుండా వదిలేస్తే లోపల రాసింది నెమ్మదిగా వెలిసిపోవచ్చు. యేడాదికోసారి తీసి చూసి, వేరేచోట మరో కాపీ కూడా వుంచండి."

"యేడాదికోసారి యెవరికి గుర్తుంటుందమ్మా?" అన్నారాయన.

"వరలక్ష్మీవ్రతం నాడు బంగారం యెలాగూ తీస్తాంగా, అప్పుడే అదీ తీద్దాం" అంది మా అక్కయ్య వంటింట్లోంచి.