పీతల్ నగరీలో కాలిన కంప్యూటర్లు

పాడైన మొబైల్‌నో, పాత టీవీనో కబాడీవాలాకు ఇచ్చేసి మనం ఫారిగ్ అయిపోతాం. ఆ సామాను తరువాత ఎక్కడికి పోతుందన్న సవాల్‌కు జవాబు వెతుకుతుంటే నాకు మురాదాబాద్ తారీఖ్ ఎదురైంది.

ఉత్తరప్రదేశ్‌లో రామ్‌గంగా ఒడ్డున ఉన్న ఈ షహర్‌కు షాజహాన్ కొడుకు మురాద్ బఖ్ష్ పేరు పెట్టారు. ఇత్తడి సామాన్ల వల్ల 'పీతల్ నగరీ' అన్న పేరొచ్చింది. లోహం కరిగించడం, పోత పోయడం, నఖ్షీ చెక్కడం ఇక్కడి కారీగర్ల ఖాందానీ హునర్. వాళ్ళలో ఎక్కువమంది ముస్లిములే.

2008 నాటి ప్రపంచ మాంద్యంతో విదేశీ ఆర్డర్లు తగ్గాయి. భట్టీ చల్లారితే రోజీ ఎలా? దిల్లీ వైపు నుంచి వచ్చే కంప్యూటర్ సర్క్యూట్ బోర్డులు ఎన్నో కుటుంబాలకు సహారా అయ్యాయి. బోర్డులో రాగి ఉంటుంది, రవ్వంత బంగారం, వెండి కూడా. వాటికోసం బోర్డులను కాల్చారు, తేజాబ్‌లో నానబెట్టారు.

కానీ పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు పుడతాయి. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఈ పనేమో చాలావరకు ఇళ్ళలోనే, పిల్లలు తిరిగే చోటే జరిగింది. బూడిద దర్యా ఒడ్డుకు చేరింది. అలా పోసేవారికి లక్ష రూపాయల జుర్మానా వేయమని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ హుకుం ఇచ్చింది.

ఖానూన్ లేక కాదు. 2012 మే 1న అమల్లోకి వచ్చిన నియమాలు పాత సామాను జిమ్మేదారీని తయారీ కంపెనీలపై పెట్టాయి. విడదీసే కార్మికులను నమోదు చేసి తాలీమ్ ఇవ్వాలని 2016 నియమాలు రాష్ట్రాలకు చెప్పాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి మరో కొత్త ఖానూన్ నడుస్తోంది. నా దృష్టిలో అసలు ఇంతెహాన్ ఆ తాలీమ్ దగ్గరే ఉంది. జుర్మానా ఒక్కటే గల్లీలోకి వస్తే కారీగర్ మరో గల్లీకి మారతాడు, పొగ మాత్రం ఆగదు.

బోర్డుల నుంచి లోహాలు తీసే మెరుగైన తరీఖా మీద మన హైదరాబాద్‌లోని సీ-మెట్ సంస్థ పని చేసింది. హునర్ కారీగర్ల చేతుల్లో ఉంది. ఆ రెండూ కలిస్తే రోజీ, సెహత్ రెండూ దక్కుతాయి.

మన వంతు చిన్నదే. ఫోన్‌లోని ఫొటోలు, నంబర్లు చెరిపేయండి. బ్యాటరీని పగలగొట్టకండి, కాల్చకండి. రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కో, కంపెనీ సేకరణ కేంద్రానికో ఇవ్వండి. కబాడీవాలా ఇచ్చే నాలుగు రూపాయలు ఎక్కువే కావచ్చు. ఆ పొగ పీల్చేది మాత్రం ఎవరి బిడ్డో.