బండికి బీగము వచ్చిన కథ

విడపనకల్లు నల్లరేగడి పొలములనుండి బళ్ళారి బజారునకు పోయి రావలసిన రైతునకు మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. అది నడిత్రోవలో ఆగినప్పుడు ఒక్కొక్కసారి పెట్రోలుకును ఇంజనుకును ఏ దోషము నుండదు. బొటనవ్రేలంత బీగపు పెట్టెలో ఇత్తడి మొన కాలియుండును. ఆ చిన్న వస్తువునకును ఒక చరిత్ర కలదు.

మాగ్నెటోతో నడచిన పాత బండ్లకు బీగముతో అవసరమే లేకపోయెను. 1902లో జర్మనీ దేశమందలి బోష్ కర్మాగారమున హోనోల్డ్ అను ఇంజనీరు రూపొందించిన మాగ్నెటో, ఇంజను తిరుగునంతకాలము తన విద్యుత్తును తానే పుట్టించుకొనును. దానికి బ్యాటరీ అక్కరలేదు. ఆపుటకు మాత్రము ఒక మీట చాలును. మీట నొక్కగానే విద్యుత్తు నిప్పురవ్వగా దూకక బండి ఇనుములోనికి జారిపోవును. ఆ రోజులలో దొంగకు అడ్డు బీగము కాదు, కిక్కు తన్నుటకు కావలసిన కాలిబలమే!

తరువాత బ్యాటరీ, కాయిలు వచ్చెను. 1912 నాటి కాడిలాక్ కారుతో పేరుపొందిన కెటరింగ్ పద్ధతి క్రమముగా మోటారు సైకిళ్ళకును ప్రాకెను. ఇక్కడ న్యాయము తలక్రిందులైనది. మాగ్నెటో బండిలో రెండు తీగలు కలిసినచో ఇంజను ఆగును. కాయిలు బండిలో కలిసిననే నడచును. ఒకదాని బీగమును ఎరుగక రెండవదానికి తగిలించినచో, చెవి తీసినప్పుడు బండి నడచి, పెట్టి త్రిప్పినప్పుడు ఆగును. ఇది పరిహాసము కాదు. తీగల ధర్మమే అట్టిది.

మైసూరులో 1961 నుండి తయారైన జావా బండికి దీపపు బుర్రమీదనే బీగముండెను. దాని చెవి పండ్లు లేని మేకువంటిది. ఒకరి చెవి మరియొకరి బండికి సరిపోయెడిది. బి.ఎం.డబ్ల్యు. వారి పాత బండ్ల సంగతియు ఇంతే. దొంగను ఆపుటకంటె, నిలిచిన బండిలో బ్యాటరీని కాపాడుటకే ఆ చెవి పుట్టినదని నాకు తోచుచున్నది.

దాని చోటును స్థిరముగా నిలువలేదు. 1969లో వచ్చిన హోండా సి.బి. 750 బండికి పెట్రోలు టాంకు క్రింద ఎడమవైపున నుండెను; పిమ్మట హాండిలు నడుమకు చేరెను. ఇప్పటి అనేక బండ్లలో హాండిలు బీగమును అందులోనే కలిపియున్నారు.

హాండిలు త్రిప్పినప్పుడెల్ల మెడవద్ద తీగలు వంగి లోపల తెగుచుండును. బీగమును ప్రక్క పలకకు మార్చినచో ఆ బాధ కొంత తగ్గును. కాని హాండిలు బీగము పోవును. రేగడి దుమ్మునకు బీగము మరింత దగ్గరగును. ఆరు వోల్టుల పాత బండిలో 35 వాట్ల దీపము సుమారు 6 ఆంపియర్లు లాగును. 12 వోల్టుల బండిలో అదే దీపమునకు 3 ఆంపియర్లు చాలును. కనుక పాత బండికి సన్నని తీగలు అతికి బీగమును దూరము జరిపినచో నష్టము. అర వోల్టు దారిలో పోయినను 12వ వంతు దీపమునకు చేరదు. వెలుతురు అంతకంటెను ఎక్కువగా తగ్గును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట బళ్ళారినుండి వచ్చువారు మొదట గమనించునది ఆ మసక వెలుతురునే.