కాఫీపొడి చెప్పిన చాడీ

కాలేజీలో మార్కెటింగ్ రిసెర్చి చదివే పిల్లలకు తప్పకుండా చెప్పే పాత కథ ఒకటుంది. అమెరికా కథే గానీ, మన వంటింటి గోడ అవతల జరిగినట్టే ఉంటుంది.

ఇన్‌స్టంటు కాఫీ ఎందుకు కొనరమ్మా అంటే, అక్కడి ఇల్లాళ్ళు "రుచి బాగుండదండీ" అనేవారు. మేసన్ హేర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఆ జవాబు మీద నమ్మకం కుదరలేదు. రెండు సరుకుల చీటీలు రాశాడు. మాంసం, రొట్టె, కేరట్లు, బంగాళాదుంపలు అన్నీ ఒకటే. ఒకదాంట్లో నెస్కెఫే, రెండోదాంట్లో మామూలు కాఫీపొడి, అంతే తేడా. చెరో 50 మంది ఆడవాళ్ళకిచ్చి, ఈ సరుకులు కొన్నావిడ ఎలాంటిదో చెప్పమన్నాడు.

చెప్పకేం! నెస్కెఫే ఆవిడ బద్ధకస్తురాలని నూటికి 48 మంది అన్నారు. రెండో ఆవిణ్ణి అలా అన్నది నూటికి 4. మొదటావిడ మంచి ఇల్లాలే కాదని 16 మంది! అసలు లేని మనిషి మీద, పాపం. ఇది 1950లో అచ్చయింది.

డికాక్షను దించని కోడల్ని మనవాళ్ళేమనేవారో వేరే చెప్పాలా?

మరిద్దరు పరిశోధకులు మళ్ళీ అడిగి చూస్తే ఆ తేడా కనబడలేదట. అది 1970లో అచ్చయింది.

ఈ కథ మా అన్నయ్య కూతురు చెప్పింది, అదీ తన అసైన్‌మెంటు చీటీ నాచేత నింపించుకున్నాక. అందులో పాకెట్టు ఇడ్లీపిండి ఉంది. ఆవిడెవరో ఉద్యోగస్తురాలు కాబోలని రాశాను. అంతకుముందు రాసి కొట్టేసిన మాటను ఆ పిల్ల వెలుతురుకెత్తి మరీ చదివింది.