భృంగరాజమూ గడ్డిచామంతీ

తెలుగు పండితుడిగా ముప్పై ఏండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. అమరకోశం వనౌషధివర్గంలో మార్కవమనీ, భృంగరాజమనీ చెప్పిన మొక్క మన గుంటగలగరే అని విద్యార్థులకు బోధించేవాణ్ణి. అంతవరకు దోషం లేదు. ఆ వెంటనే బడి ఆవరణలోని గడ్డిచామంతిని పెరికి, "ఇదే ఆ మొక్క" అని చూపేవాణ్ణి. దోషమంతా అక్కడే.

దానిని పట్టుకున్నది మలక్‌పేటలో మా వీధి చివరనుండే ఒక అవ్వ. తలనూనె కాచుకోవడానికి గుంటగలగర కావాలంటే నేనే వెళ్ళి దోసెడు కోసుకొచ్చాను. ఆమె ఆకును అరచేత నలిపి చూసి, "సారూ, ఇది గుంటగలగర గాదు. చెయ్యి నల్లగ కాలేదు" అన్నది. గుంటగలగర రసం గాలి తగలగానే నల్లబడుతుంది. కాటుకకూ, కేశతైలానికీ మన పెద్దలు దానిని ఎన్నుకోవడానికి ఈ గుణమే కారణమని నా ఊహ.

అప్పుడు పుస్తకాలు తిరగవేశాను. స్వీడన్ దేశీయుడు లిన్నేయస్ 1753లో ప్రకటించిన వృక్షగ్రంథంలో రెండు మొక్కలూ ఉన్నాయి. గడ్డిచామంతికి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని పేరుపెట్టి, మెక్సికో తీరంలోని వెరాక్రూజ్ దాని నెలవన్నాడు. అది అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబస్ సముద్రయానం తరువాతనే అటువంటివి మన వైపు రావడం మొదలైంది. అంతకు ఎన్నో శతాబ్దాల పూర్వుడైన అమరసింహుడు దానిని చూసి ఉండే అవకాశమే లేదు. ఆయన చెప్పని మొక్కను ఆయన పేర నేను పాఠం చెప్పాను! (బతుకమ్మలో పేర్చే బంతి కూడా మెక్సికో నుండి వచ్చినదే. తంగేడు మాత్రం మనది.)

గుంటగలగరను లిన్నేయస్ మొదట వెర్బెసినా అన్నాడు. 1771లో ఎక్లిప్టా అనే కొత్త జాతినామం కల్పించాడు. గ్రీకు భాషలో దానికి లోపించినది అని అర్థం. ఆ లోపించినదేమిటంటే గింజ తలమీద ఉండవలసిన నూగుకుచ్చు. గడ్డిచామంతి గింజకు ఆ కుచ్చు ఉంటుంది కనుకనే గాలికెగిరి మలక్‌పేట గోడల పగుళ్ళలో కూడా మొలుస్తుంది. దాని పువ్వు పొడవైన కాడ చివర ఒంటరిగా నిలుస్తుంది. నడుమ పసుపు, చుట్టూ మూడేసి పళ్ళున్న కొద్దిపాటి తెల్లరేకులు. గుంటగలగర పువ్వు చిన్నది, తెల్లనిది, రేకులు దారపు పోగుల్లా సన్నగా అనేకం. ఆకు కోలగా, గరుకుగా, తొడిమ లేకుండా కాండాన్ని అంటి ఉంటుంది.

1859లో సర్ వాల్టర్ ఇలియట్ మద్రాసులో "ఫ్లోరా ఆంధ్రికా" ప్రకటించాడు. ఉత్తర సర్కారుల జనం మొక్కలను పిలిచే తెలుగు పేర్లను సేకరించి, శాస్త్రనామాలతో జతచేసిన పట్టిక అది. ఆ దొర జనం నోటి మాటను పట్టుకోగా, నేను శ్లోకం అప్పజెప్పించి ఊరుకున్నాను.

గుంటగలగర పేరులోని గుంట నీటిగుంటే అని నా అభిప్రాయం. 1886లో గుర్రప్పందేలు తరలివచ్చిన నాటి మలక్‌పేట వేరు, నేటి సిమెంటు మలక్‌పేట వేరు. ఇక్కడ గుంటలు పూడిపోయాయి. చివరకు మూసీ వైపు ఒక కాలువగట్టున ఒకే మొక్క దొరికింది. మురుగునీటి పక్కన మొలిచిన ఆకు నూనెకు తగదని, గింజలు మాత్రం తెచ్చాను. మొదటిసారి మట్టి కప్పి చల్లితే ఒక్కటీ మొలవలేదు. ఈ గింజకు వెలుతురు కావాలి. రెండవసారి బంకమట్టి నింపిన వెడల్పాటి తొట్టిలో పైపైన చల్లి, మట్టి ఎండకుండా నీరు పోశాను. మొలిచాయి. కొమ్మ మట్టికి తగిలితే కణుపు కణుపుకూ వేరు దిగుతున్నది.

ఈ శ్రావణంలో అవ్వకు రెండు గుప్పిళ్ళ ఆకు ఇచ్చాను. నలిపి, నల్లబడిన అరచేయి నా ముందు చాపింది. పాత విద్యార్థులలో ఇద్దరికి నా పొరపాటు స్వయంగా చెప్పుకోగలిగాను. మిగిలినవారికి ఈ నాలుగు మాటలు.