జేబు లేని కిమోనో, తాడు మీద పూస

ఈమధ్య మన ఆడపిల్లల చేతి గొలుసులకు జపాను బొమ్మల పూసలు వేలాడుతున్నాయి. చెయ్యెత్తిన పిల్లి, ఎర్రటి గుండ్రని ముఖం, కాగితపు కొంగ, చెర్రీ పువ్వు. ఏమిటివి అని పెద్దవాళ్ళు అడిగితే "చార్మ్" అంటారు, అంతే. మేము ఇంట్లో నల్లపూసలు అంటాం, గడప దాటితే కరిమణి అంటాం. ఒకే పూసకు రెండు పేర్లు పెట్టుకున్న ఇల్లు కాబట్టి, ఈ కొత్త పూసలు ఎక్కడివో చూద్దామనిపించింది.

కిమోనోకు జేబుల్లేవు. కథంతా అక్కడే మొదలు. ఎడో కాలంలో (1603–1868) మగవాళ్ళు మందులు, ముద్రలు పెట్టుకునే చిన్న అరల పెట్టెను తాడు కట్టి నడుం పట్టీకి వేలాడదీసుకునేవారు. ఆ పెట్టె ఇన్‌రో. తాడు జారిపోకుండా పట్టీ పైన నిలబడే చెక్కుడు గుండీ నెత్సుకె. రెండింటికీ మధ్య తాడు మీద కదిలే పూస ఒజిమె. పూసను కిందికి జరిపితే అరలు బిగుసుకుంటాయి, పైకి జరిపితే తెరుచుకుంటాయి. మన అవ్వలు నడుముకు దోపుకున్న ఆకువక్కల సంచికి లాగుడు తాడు ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే దీని మీద పనితనం ఎక్కువ. పగడం, దంతం, చెక్క, లక్క, లోహం, గాజు, ఏది దొరికితే దానితో వేలిగోరంత జాగాలో పువ్వులు, దేవుళ్ళు, కోతులు చెక్కారు.

1868 తర్వాత మీజీ ప్రభుత్వం వచ్చింది, కోటూ ప్యాంటూ వచ్చాయి, వాటితోపాటు జేబులూ వచ్చాయి. పూసకు పని పోయింది. 1876లో కత్తి కట్టుకొని తిరగడం నిషేధించాక, కత్తి పిడులకు నగిషీ చేసే లోహపు పనివాళ్ళు కూడా వేరే వస్తువుల వైపు తిరిగారు. నెత్సుకెలు, ఒజిమెలు ఓడలెక్కి విదేశీ సేకర్తల బీరువాల్లోకి పోయాయి. వందేళ్ళు దాటాక సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు జపాను కుర్రకారు ఫోనుకు తాడు కట్టి బొమ్మలు వేలాడదీశారు. పాత అలవాటు ఎక్కడికీ పోలేదన్నమాట.

ఇక బొమ్మల సంగతి. పిల్లి పేరు మనేకి నెకో, అంటే పిలిచే పిల్లి. 1852లో హిరోషిగె వేసిన ఒక ముద్రణ చిత్రంలో ఇలాంటి పిల్లుల్ని అమ్మే అంగడి ఉంది. అరచెయ్యి కిందికి పెట్టి వేళ్ళు ఆడించి పిలవడం జపాను పద్ధతి. పాశ్చాత్యులకు అది టాటా చెప్పినట్టు కనిపిస్తుంది. మనకు ఆ తికమక లేదు, మన పెద్దలు పిలిచేదీ అలాగే కదా.

ఎర్ర ముఖం దరుమ, అంటే బోధిధర్మ. తొమ్మిదేళ్ళు గోడకు ఎదురుగా ధ్యానంలో కూర్చుంటే కాళ్ళూ చేతులూ పోయాయని కథ, అందుకే బొమ్మ గుండ్రంగా ఉంటుంది, పడేస్తే మళ్ళీ లేస్తుంది. మశూచి సోకిన పిల్లల దగ్గర ఎర్రటి వస్తువులు పెడితే ఆ దేవత శాంతిస్తుందని అప్పటివాళ్ళ నమ్మకం. మన వైపు అమ్మవారు పోసినప్పుడు వేపరెమ్మ పెట్టినట్టు. ఇప్పుడు ఈ బొమ్మలకు పెద్ద కేంద్రం గున్మా ప్రాంతంలోని తకసాకి. బొమ్మ కళ్ళు తెల్లగా ఖాళీగా వస్తాయి. కోరిక కోరుకొని ఒక కన్ను దిద్దాలి, తీరాక రెండోది. మనం కొనే పూసకు మాత్రం రెండు కళ్ళూ ఫ్యాక్టరీలోనే దిద్దేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకు బతికే మాకది టెస్టు నడపకముందే "పాస్" అని గుర్తు పెట్టినట్టుంది!

బోధిధర్మ కాంచీపురం యువరాజని తమిళనాడులో గట్టిగా నమ్ముతారు. చైనాలోని పాత రాతలు మాత్రం ఒక్క మాట మీద లేవు. 547 నాటి ఒక గ్రంథం ఆయన్ను పారసీకుడంటుంది, ఇంకొకటి దక్షిణ భారతపు రాజు కొడుకంటుంది. అందుకని పిల్లలతో "దరుమ మనవాడే" అని తేల్చేయడం మాకు నచ్చదు. మన వాళ్ళ గుంపుల్లో ఇలాంటి గొప్పలు ఎక్కువైపోయాయి.

మనవైపు నుంచి పోయిందని చెప్పుకోదగ్గది బొమ్మ కాదు, పూస. జపానుకు సొంత పూస మగతమ. కామా ఆకారంలో ఉంటుంది, నీగత వైపు ఇతోయిగవ జేడ్ రాయితో చేసినవి పేరు పొందాయి. చక్రవర్తి మూడు రాజచిహ్నాల్లో ఒకటి అదే. అక్కడి పురాతన సమాధుల్లో, యయోయి కాలం నుంచీ, చిన్న చిన్న గాజు పూసలు కూడా దొరుకుతున్నాయి. వాటిలో చాలా వాటికి పరిశోధకులు ఇండో పసిఫిక్ పూసలు అని పేరు పెట్టారు. కొన్ని దక్షిణాసియాలో, కొన్ని ఆగ్నేయాసియాలో తయారైన గాజువని రసాయన పరీక్షల్లో తేలింది. పుదుచ్చేరి పక్కన అరికమేడు, 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించిన చోటు, ఈ పూసల పాత కేంద్రాల్లో ఒకటి.

ఆ పద్ధతి మన తెలుగు ఊళ్ళో బతికింది. రేణిగుంట, శ్రీకాళహస్తి మధ్య పాపానాయుడుపేటలో. పూసల చరిత్ర రాసిన పీటర్ ఫ్రాన్సిస్ అక్కడి పని చూసి, ఇది అరికమేడు విద్యకు వారసత్వమే అన్నాడు. కరిగిన గాజును "లాడా" అనే పొడుగాటి ఇనుప గొట్టానికి శంఖువులా పట్టించి, మధ్యలో కన్నం చేసి కొలిమిలో నిలుపుతారు. అవతలి వైపు నుంచి పనివాడు కొక్కెంతో కొసను అందుకొని, చేతి మీద చెయ్యి వేస్తూ సన్నటి బోలు తీగలా లాగుతూనే ఉంటాడు, గంటల తరబడి. ఆ గాజు గొట్టాన్ని ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి వేడి చేస్తూ కలియబెడతారు. బూడిద కన్నం మూసుకోనివ్వదు, వేడికి పదును అంచులు గుండ్రమవుతాయి.

బెంగళూరు, కోలారు నుంచి శ్రీకాళహస్తికి పోయే మన కుటుంబాలు ఆ చుట్టుపక్కల నుంచే పోతాయి. పోయినా పోకపోయినా, ఇంట్లో పాత పెట్టెలో రంగు గాజు పూసల దండ ఉంటే భూతద్దం తీసుకొని వెలుతురుకు పెట్టి చూడండి. లోపలి బుడగలు, గీతలు కన్నం వెంట నిలువుగా సాగి ఉంటే అది లాగిన గాజు. కన్నం చుట్టూ తిరిగి ఉంటే కడ్డీకి చుట్టి చేసిన పూస.