పాత గైడు ప్రశ్న, కొత్త మెషీను జవాబు

కొండకర్ల నుంచి రాస్తున్నాను.

కొత్తగా లైనక్స్ నేర్చుకుంటున్న మా జూనియర్లకి మోడల్ పేపర్ రాద్దామని కూర్చున్నాం. నా వంతుకి హార్డ్‌వేర్ డివైజుల పాఠం వచ్చింది. పాత గైడు తీస్తే "మొదటి హార్డ్ డిస్క్ పేరేమిటి?" అన్న ప్రశ్నకి "హెచ్‌డీఏ" అని జవాబుంది. ల్యాబ్‌లో చూస్తే మాత్రం "ఎస్‌డీఏ". ఒకసారి కళ్లతో చూసిందే రాసి నేను మార్కు పోగొట్టుకున్నాను. అందుకే ఈ పేర్ల చరిత్ర వెతికేను.

1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్, పరికరాన్ని కూడా ఫైలులాగే చూపించింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ అదే దారి పట్టింది. ఆ ఫైళ్లన్నీ "డెవ్" అనే డైరెక్టరీలో ఉంటాయి. మొదట్లో పరికరం ఉన్నా లేకపోయినా పేర్లు ముందే వేసి ఉంచేవారు. హాస్టల్‌కి రాని పిల్లల పేర్లు కూడా రిజిస్టర్‌లో ఉన్నట్టన్నమాట. యూఎస్‌బీ వచ్చాక ఎప్పుడు ఏది పెడతారో, ఏది తీస్తారో తెలీదు. 2001లో వచ్చిన 2.4 కెర్నల్‌లో "డెవ్‌ఎఫ్‌ఎస్" ఉన్నవాటికే పేర్లు చూపించింది గానీ, పేరు పెట్టే పద్ధతి కెర్నల్ లోపలే ఉండిపోయింది. 2003లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ "యూడెవ్" తెచ్చేరు. కెర్నల్ కబురు పంపితే, యూడెవ్ బయటి నుంచే నియమాలు చూసి ఫైలు తయారుచేసేది. 2009లో "డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్" వచ్చాక ఆ ఫైలు మళ్లీ కెర్నలే తయారుచేస్తోంది. అనుమతులు, అదనపు పేర్లు యూడెవ్ చూసుకుంటుంది.

అంటే "డివైజ్ ఫైలు ఎవరు తయారుచేస్తారు?" అన్న ప్రశ్నకి ఏ సంవత్సరమో చెప్పకపోతే సరైన జవాబే లేదు.

హెచ్‌డీఏ కూడా అంతే. అది ఐడీఈ డిస్కు పేరు, కేబుల్లో దాని చోటుని బట్టి వచ్చేది. ఎస్‌డీఏ అన్నది మెషీను డిస్కుల్ని గుర్తించిన వరసని బట్టి వస్తుంది, మారిపోవచ్చు కూడా. పాత ఐడీఈ డ్రైవర్లని 2021లో, 5.14 కెర్నల్‌లో తీసేశారు. లైనక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల మొదటి స్థాయి పరీక్షలో తొలి అంశం హార్డ్‌వేర్ సెట్టింగులే. ఆ సిలబస్‌కి వెర్షన్ నంబరు వేస్తారు. మన ప్రశ్నలకీ అది ఉండాలి.

చివరికి నేను రాసినవి ఇవి:

1. పెన్‌డ్రైవ్ పెట్టకముందు, పెట్టాక "ఎల్‌ఎస్‌బీఎల్‌కే" కొట్టండి. ఏం మారింది?
2. రెండు డిస్కులున్న మెషీన్లో ఎస్‌డీఏ అన్న పేరుని ఎందుకు నమ్మలేం? దాని బదులు యూయూఐడీ ఎందుకు వాడతారు?
3. పరికరం "ఎల్‌ఎస్‌యూఎస్‌బీ"లో కనిపిస్తోంది గానీ పనిచెయ్యట్లేదు. తర్వాత ఏం చూస్తారు?

గైడు పాతదైపోయిందని చెప్పడానికి మనలో చాలామందికి ఇంట్లో ముందు చదివినవాళ్లు లేరు. మెషీన్ని అడిగి తెలుసుకోగలిగిన ప్రశ్న ఇస్తే, ఆ జవాబు సరిచూసుకోడానికి ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. మీ దగ్గర పాత పేపర్లుంటే ముందు వాటి సంవత్సరం చూడండి, తర్వాతే జూనియర్లకి ఇవ్వండి.